అవతలి వైపు నుంచి మాట

 

ఇవాళ పట్టాలు అందుకున్న మీలో ఎక్కువమంది ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్స్ ఇంజినీరింగ్) వాళ్లే. మనమున్న ఈ ఎర్రమంజిల్ నుంచి మెట్రోలో రెండో స్టేషన్ అమీర్‌పేట. రేపో మాపో అక్కడ ఏదో సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరతారు. చేరండి, తప్పులేదు. నాలుగేళ్లు చదివిన కమ్యూనికేషన్స్‌ను మాత్రం అటకెక్కించవద్దని అడగడానికే ఇవాళ చంద్రుడి సంగతి ఎత్తుతున్నాను.

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద దిగడం దేశమంతా చూసింది. అంతకు రెండు రోజుల ముందు, చంద్రయాన్-2 ఆర్బిటర్‌కూ ఈ కొత్త ల్యాండర్‌కూ రేడియో సంబంధం కలిసింది. 2019లో తన వెంట వెళ్లిన ల్యాండర్ కూలిపోయినా, చంద్రుడి చుట్టూ తిరుగుతూనే ఉన్న ఆర్బిటర్ అది. నాలుగేళ్ల తర్వాత వచ్చిన తమ్ముడికి అవసరమైతే కబురు మోయడానికి సిద్ధంగా నిలబడింది. ఆ వార్త చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

విక్రమ్ మోసుకెళ్లిన ప్రజ్ఞాన్ రోవర్ బరువు 26 కిలోలు. అది నేరుగా భూమితో మాట్లాడలేదు, విక్రమ్‌కే చెప్పింది. విక్రమ్ ఆ సమాచారాన్ని బెంగళూరు దగ్గర బ్యాలాలులో ఉన్న ఇస్రో కేంద్రానికి పంపింది. అక్కడున్న 32 మీటర్ల యాంటెన్నాను తయారుచేసింది మన హైదరాబాద్ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్. అయ్యగారి సాంబశివరావు గారు తీర్చిదిద్దిన సంస్థ, మీరు సిటీ బస్సుల బోర్డులమీద రోజూ చదివే పేరు.

విక్రమ్ దిగిన చోటికి భూమి కనిపిస్తుంది కాబట్టి ఇదంతా కుదిరింది. చంద్రుడి అవతలి ముఖానికి భూమి ఎన్నడూ కనిపించదు. అపోలో వ్యోమగాములు అటు వెళ్లిన ప్రతిసారీ రేడియో మూగబోయేది. గుట్టకు ఆవల చేలో ఉన్న మనిషికి మన కేక అందాలంటే గుట్టమీద ఒకరు నిలబడాలి కదా. చైనా 2018 మేలో క్వెచియావో అనే రిలే ఉపగ్రహాన్ని పంపింది అందుకే. చంద్రుడికి దాదాపు 65,000 కిలోమీటర్ల అవతల ఎల్2 అనే బిందువు ఉంది. సరిగ్గా అక్కడే నిలిపితే చంద్రుడే అడ్డొస్తాడు. అందుకని ఆ బిందువు చుట్టూ వెడల్పుగా తిప్పారు, అటు ల్యాండరూ ఇటు భూమీ రెండూ కనిపించేలా. అమెరికా ఇంజినీరు రాబర్ట్ ఫార్క్వర్ 1960ల్లోనే వేసిన లెక్క ఇది. 2019 జనవరి 3న చైనా ల్యాండర్ చాంగే-4 అవతలి ముఖం మీద దిగింది. రిలే ముందు వెళ్లింది, ల్యాండర్ తర్వాత. ఆ వరస గుర్తుంచుకోండి.

మనకు ఇప్పుడు చంద్రుడి దక్షిణ ధ్రువం మీద ఆశ. సరిగ్గా ధ్రువం దగ్గర నెలలో సుమారు రెండు వారాలు భూమి దిగంతం కిందే ఉంటుంది. అప్పుడు కబురు మోయడానికి చంద్రయాన్-2 ఆర్బిటర్ చాలదు. అది తిరిగేది 100 కిలోమీటర్ల ఎత్తులో, చుట్టుకు రెండు గంటలు. నేలమీద ఒకచోట ఉన్న యంత్రానికి అది కనిపించినప్పుడూ కొద్ది నిమిషాలే. పైగా అది పరిశోధనకు వెళ్లిన నౌక, కబుర్లు మోయడం దానికి అదనపు పని. మనకు ఈ పనికే పుట్టిన ఉపగ్రహాలు కావాలి, ల్యాండర్ల కన్నా ముందే కావాలి.

యాంటెన్నా ఎంత పెద్దది, ట్రాన్స్‌మిటర్ పవర్ ఎంత, దూరానికి సిగ్నల్ ఎంత తగ్గుతుంది. మీరు పరీక్షలకు కట్టిన లింక్ బడ్జెట్ లెక్కే ఇక్కడా కట్టేది. ఆ నోట్సు పాత పేపర్లవాడికి వేయకండి. ఇస్రో, ఈసీఐఎల్ రెండూ ఎలక్ట్రానిక్స్ పట్టభద్రులను తీసుకుంటాయి. ప్రకటన పడగానే దరఖాస్తు పెట్టండి.