పల్లెలలో స్త్రీ సమాజములు

గ్రామపెద్దలారా!

స్త్రీ సమాజములు పట్టణములకే తగునని కొందరి తలంపు. మన కృష్ణాతీర చరిత్రము వేరు విధముగా చెప్పుచున్నది. 1902లో బందరునందు భండారు అచ్చమాంబగారు, ఓరుగంటి సుందరీరత్నమాంబగారు బృందావన స్త్రీ సమాజమును స్థాపించిరి. అచ్చమాంబగారు అంతటితో తృప్తి నొందక, ఊరూర తిరిగి అట్టి సమాజములను నెలకొల్పిరి. 1905లో ముప్పదియేండ్ల ప్రాయముననే ఆమె గతించినను, ఆ పని నిలువలేదు. ఆంధ్రదేశమున స్త్రీ సమాజములు పెంపొందినవి.

నేడు పల్లెపల్లెను డ్వాక్రా సంఘములు కలవు. పదిమందియో, పదునైదుమందియో చేరిన సంఘములు గ్రామసమాఖ్యగను, గ్రామసమాఖ్యలు మండల సమాఖ్యగను కూడియున్నవి. కట్టుబాటు సిద్ధముగనే యున్నది. కాని వాయిదాల లెక్కతోనే సమావేశము ముగిసినచో ఊరికి కలుగు మేలు సగమే. వేసవిలో కాలువలు కట్టివేసిన పిదప మనకు మంచినీటి చెఱువే దిక్కు. దాని శుభ్రత, బాలింతల పోషణ, బడి మానిన బాలికను మరల బడికి చేర్చుట—ఇవి ఆ సంఘములు పూనదగిన సేవలు.

మీరు చేయవలసినది స్వల్పము. కూర్చుండుటకు వారికొక చోటు చూపుడు. వారి తీర్మానమును గ్రామసభలో చదివింపుడు. సమావేశమునకు బయలుదేరిన కోడలిని “ఎక్కడి”కని యడుగక, తిరిగి వచ్చిన పిమ్మట “ఏమి నిశ్చయించితిరమ్మా?” యని యడుగుడు. ఆ యొక్క ప్రశ్నతో సంఘమునకు ఊరి యండ లభించును.