యుద్ధమునకు పోయిన మన సిపాయి
(బనగానపల్లెలో యువజనుల యెదుట చేసిన యుపన్యాసము)



ఒక సామాన్య సిపాయి జీవితమును వెదకి తీయు మార్గ మెట్టిదని మమ్మడిగితిరి. ఆయన మీలో నొకరికి ముత్తాత, మఱియొకరికి పెదతాత. యుద్ధమునకు పోయెనని మాత్రము ఇంట చెప్పుకొందురు. ఏ యుద్ధము, ఏ పటాలము, ఏ దేశమని యడిగినచో సమాధానము లేదు. మేము న్యాయవాద వృత్తిలోనివారము గనుక సాక్ష్యమును గూర్చియే మాటలాడుదుము.

తొలి సాక్ష్యము మీ యింటనే యుండును. అటకమీది ట్రంకుపెట్టెను దింపుడు. పతకము దొరకినచో దాని ముఖమును చూచి మురియక అంచును భూతద్దముతో చదువుడు. మొదటి ప్రపంచయుద్ధపు వెండి పతకపుటంచుమీద సిపాయి నంబరు, హోదా, పేరు, పటాలము ముద్రింపబడి యుండును. కూలిదళములలో పోయినవారికి వెండికి బదులు కంచు నిచ్చిరి. ఫిరంగిగుండుకు ఆ భేదము తెలియదు, సర్కారుకు తెలిసినది! ఇన్ని కరవులు చూచిన సీమలో వెండి పతకము కంసాలి మూసలోనికి పోయినను వింత లేదు. అప్పుడు డిశ్చార్జి కాగితమును, పాత యుత్తరములను, ఫోటో వెనుక నున్న వ్రాతను వెదకవలయును. అన్నింటికంటె ముఖ్యము నంబరు. ఒక్క పటాలములో వెంకటస్వాములు పదిమంది యుందురు, నంబరు ఒక్కనిదే.

మన యూరివారికి మఱియొక చిక్కు కలదు. 1948 వఱకు బనగానపల్లె నవాబుగారి సంస్థానము. చుట్టును కర్నూలు జిల్లా యున్నను తాను అందులోనిది కాదు. ఆ యేట మద్రాసు రాష్ట్రమున విలీనమై కర్నూలు జిల్లాలో చేరినది. 2022లో నంద్యాల జిల్లా పాలయినది. కావున 1942లో పటాలమున చేరినవానిని కర్నూలు జిల్లా పేరుతో మాత్రమే వెదకినచో తప్పిపోవచ్చును. సంస్థానము పేరుతోను, ఇంగ్లీషులో మన యూరిపేరు వ్రాయు నానావిధములతోను వెదకుడు.

ఒకప్పుడు కుంపిణీ సైన్యమున తెలుగువా రెందఱుండిరనగా, ఉత్తరదేశమున సిపాయికి ‘తిలంగా’ యనియే పేరు పడినది. తరువాత దొరలు దక్షిణాదివారు యుద్ధవీరజాతులు కారని సిద్ధాంతము చేసి, మద్రాసు కాల్బలమును 1923 మొదలు పదేండ్లలో రద్దుచేసిరి. రెండవ ప్రపంచయుద్ధము రాగా మద్రాసు రెజిమెంటును మరల నిలిపిరి. అవసరము కలుగగనే వీరత్వము పుట్టుకొని వచ్చినది కాబోలు! ఆ రెజిమెంటు కేంద్రము నీలగిరులలోని వెల్లింగ్టనున, మద్రాసు సాపర్ల కేంద్రము బెంగళూరున గలవు. నంబరు, తండ్రిపేరు, ఊరు చూపి అక్కడి రికార్డుల కార్యాలయమునకు వ్రాయవలెను.

మరణించినవారికి కామన్వెల్తు యుద్ధసమాధుల సంఘము పట్టికలు కలవు. రెండవ యుద్ధమున మృతులైన మనవారిలో పలువురికి తండ్రిపేరు, భార్యపేరు, ఊరు సైతము అందు కానవచ్చును. కాని మొదటి యుద్ధపు చరిత్ర వేఱు. ఫ్రాన్సులోని న్యూవ్ షాపెల్ స్మారకముమీద 4,700 మందికి పైగా భారతసైనికుల పేర్లు చెక్కిరి. 1929లో ఆవిష్కరించిన బస్రా స్మారకముమీద దొరల పేర్లును, మన అధికారుల పేర్లును చెక్కి, సాధారణ సిపాయిలను పటాలమునకు ఇంతమంది యని లెక్కపెట్టి విడిచిరి. ఐరోపావారు చూచుచోట పేరు, ఎడారిలో లెక్క! ఇట్టి అన్యాయము జరిగినదని ఆ సంఘమే 2021లో నివేదిక ప్రకటించి క్షమాపణ చెప్పినది. రాతిమీద లేని పేరు గ్రంథస్థమైన పట్టికలలో నుండవచ్చును. అందుచేత బస్రా వఱకు పోయి నిరాశచెందవలదు.

మనవారిలో కొందఱు “అతడు ఇంగ్లీషువాని జీతగాడే కదా, వెదకుట యెందులకు?” అందురు. మేమంగీకరింపము. వర్షము లేక పొలమెండిన యింట జీతపు రాళ్లు ఏమి చేయునో ఆ మాట యనువారికి తెలియదు. మఱియు సింగపూరు 1942 ఫిబ్రవరి 15న లొంగిపోయిన పిమ్మట బందీలైన వేలమంది ఆజాద్ హింద్ ఫౌజులో చేరిరి. అట్టివారిని యుద్ధానంతరము తెలుపు, బూడిద, నలుపు అని మూడు రంగులుగా విడదీసి విచారించిరి. 1945 నవంబరులో ఎఱ్ఱకోటలో భూలాభాయి దేశాయిగారు వారి పక్షమున వాదించినది ఈ దేశమంతయు విన్నది. 1972లో భారతప్రభుత్వము స్వాతంత్ర్యయోధుల పింఛనుకు ఫౌజువారిని గూడ అర్హులనుగా చేసినది. ఒక్కని జీవితముననే రెండు సైన్యములు, రెండు ప్రమాణములు! కాగితములు చూడకముందే ద్రోహియనియు, వీరుడనియు తీర్పు చెప్పుట ఏ న్యాయస్థానమునను చెల్లదు.

ఇక కాలవిలంబము కూడదు. తొంబదియేండ్లు పైబడిన అవ్వలు ఇంకను ఒకరిద్దరుందురు. వారిని పటాలము పేరడుగకుడు, చెప్పలేరు. ఉత్తరములు ఏ పండుగకు వచ్చినవి, ఏ పండుగకు రాలేదు అని యడుగుడు. తమ తల్లి ఏ సంక్రాంతికి టపావానికై గుమ్మములో నిలిచెనో, ఏ యుగాదికి నిలుచుట మానెనో వారు చెప్పగలరు. ఆ తేదీని వ్రాసికొని పట్టికలతో సరిచూడుడు. అది 1942 సంక్రాంతికిని ఉగాదికిని నడుమ పడినచో, సింగపూరు కాగితములనుండి మొదలుపెట్టుడు.