బారా దీవిలో వారం రోజులు

స్కాట్లండ్‌కు పడమట, అట్లాంటిక్ సముద్రంలో బారా అనే చిన్న దీవి ఉంది. అక్కడ కాటేజీ తీసుకుని వారం గడపాలంటే ముందు చూసుకోవాల్సింది ఇల్లు కాదు, ఓడ. ఓబన్ రేవు నుంచి ఈ దీవిలోని క్యాసిల్‌బే చేరడానికి ఫెర్రీలో దాదాపు 5 గంటలు పడుతుంది. వేసవిలో కార్లకు చోటు చాలా ముందుగానే నిండిపోతుంది. చాలా కాటేజీలు శనివారం నుంచి శనివారం దాకా లెక్కన ఇస్తారు. అందుకే ఫెర్రీ దొరుకుతుందో లేదో చూసుకున్నాకే ఇంటికి డబ్బు కట్టండి.

గ్లాస్గో నుంచి విమానమూ ఉంది. అది దిగేది సముద్రపు ఇసుక మీద! పోటు వస్తే రన్‌వే మొత్తం నీళ్లలో మునిగిపోతుంది. అందుకే ఆటుపోట్లను బట్టే విమానాల వేళలు పెడతారు. తడి ఇసుకలో నీళ్లు చిమ్ముతూ ఆ చిన్న విమానం వచ్చి ఆగుతుంటే, అది చూడటానికే అంతదూరం వెళ్లొచ్చు అనిపిస్తుంది.

జూన్‌లో రాత్రి 10 దాటినా వెలుతురు పోదు. చిన్నపిల్లలుంటే పడకగదికి మందపాటి తెరలున్నాయేమో అడగండి. అన్నట్టు, గాలి హోరెత్తితే ఫెర్రీ కదలదు. తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా చేతిలో ఉంచుకోండి.