పేరు తెలియని పుస్తకం కోసం వెతుకుతుంటే

(రీసెర్చ్ స్కాలర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రీసెర్చ్ మెథడాలజీ మీద మాట్లాడమని నన్ను పిలిచారు. మెథడాలజీ క్లాసుల్లో ఎవరూ చెప్పని ఒక చిన్న విషయం తీసుకుంటాను. సగం మాత్రమే గుర్తున్న పుస్తకం కోసం వెతికినప్పుడు మనకు వచ్చే జవాబుల గురించి.

నేను వెతుకుతున్నది ఒక చిన్న పుస్తకం. ఇంటర్ చదివేటప్పుడు సాంఘిక సంక్షేమ హాస్టల్లో చేతులు మారుతూ నా దాకా వచ్చింది. అట్ట లేదు. మొదటి పేజీలు ఊడిపోయాయి. కాబట్టి పుస్తకం పేరు, రాసినవాళ్ల పేరు, అచ్చువేసినవాళ్ల పేరు ఏవీ నా కంటపడలేదు. అరవై పేజీల లోపే ఉంటుంది. 1991లో చుండూరు తర్వాత తెనాలి శిబిరంలో తలదాచుకున్న రోజుల్ని ఒక కూలి తల్లి తన మాటల్లో చెప్పుకుపోతుంది. నా థీసిస్‌లో ఒక అధ్యాయం కారంచేడు తర్వాత వచ్చిన ఇలాంటి చిన్న పుస్తకాల మీదే.

ఆన్‌లైన్‌లో పుస్తకాలు అమ్మే ఒక సంస్థకు రాశాను. పేరు చెప్పను. ఇంకో రెండు చోట్ల కూడా దాదాపు ఇవే మాటలు వచ్చాయి కాబట్టి పేరుతో పనిలేదు. మొదటి జవాబు: పుస్తకం పేరు, రచయిత పేరు, లేదా ఐఎస్‌బీఎన్ లేకుండా వెతకడం సాధ్యం కాదని దయచేసి గమనించగలరు. సరే, ఒప్పుకుందాం. నాకు గుర్తున్నదంతా వివరంగా మళ్లీ రాశాను. రెండో జవాబు: మీరు వేరే పుస్తకంతో పొరబడి ఉండవచ్చు, స్పెల్లింగ్ ఒకసారి సరిచూసుకోండి. మూడోసారి రాస్తే, చదివే అలవాటు పెంచుకోవాలనుకునేవారి కోసం మా సిఫార్సులు అంటూ ఒక లింకు పంపారు. తెరిస్తే అన్నీ వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు. కింద, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు అని.

పీహెచ్‌డీ నాలుగో ఏడు నడుస్తోందని ఆ మెయిల్లోనే రాశాను. నాకు చదివే అలవాటు నేర్పుతామన్నారు. నవ్వండి, పర్వాలేదు, నేనూ నవ్వాను. రెండో జవాబుకు మాత్రం నాకు నవ్వు రాలేదు.

మా దగ్గర లేదు అనడం వేరు. అలాంటిది లేదు, నీకే సరిగ్గా గుర్తులేదు అనడం వేరు. మొదటిది దుకాణం సంగతి. రెండోది నా బుర్ర సంగతి. ఈ గొంతు మనకు కొత్త కాదు. స్కాలర్‌షిప్ కౌంటర్ దగ్గర ‘ఫారం సరిగ్గా నింపావా?’ అని అడిగే గొంతు ఇదే. సెమినార్లో మన పేపర్ అయ్యాక ‘దీనికి ప్రామాణికమైన ఆధారం ఉందా అమ్మా?’ అని అడిగే గొంతూ ఇదే. ‘దయచేసి’, ‘గమనించగలరు’ అని మర్యాదలు తగిలించినంత మాత్రాన గొంతు మారదు.

ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. నా కోపం ఆ చాట్‌లో కూర్చున్న మనిషి మీద కాదు. నా హాస్టల్ జూనియర్లు ఇద్దరు అలాంటి ఉద్యోగాలే చేస్తున్నారు. ఒకేసారి నాలుగైదు కిటికీల్లో, ముందే రాసిపెట్టిన వాక్యాలతో, టైమర్ చూసుకుంటూ జవాబులివ్వాలి. అవతల ఉన్నది ఆ పుస్తకమే చదివిన పిల్లో పిల్లాడో అయి ఉండొచ్చు. ‘ఎక్కడ చూశారు?’ అని అడిగే వీలు వాళ్లకు ఇవ్వలేదు.

ఇక స్పెల్లింగ్. చుండూరును ఇంగ్లీషు అక్షరాల్లో కొందరు సి-హెచ్‌తో రాస్తారు, కొందరు టి-ఎస్‌తో మొదలుపెడతారు. చివర యు పెట్టేవాళ్లున్నారు, పెట్టనివాళ్లున్నారు. తెలుగు పుస్తకాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో నమోదు చేసుకున్నది వాళ్లు, సరిచూసుకోవాల్సింది నేను!

అసలు మన పుస్తకాలు సగమే ఎందుకు గుర్తుంటాయి? అవి దుకాణం దారిలో రాలేదు కాబట్టి. ఏప్రిల్ 14న, డిసెంబర్ 6న సభ బయట గుడ్డ పరిచి అమ్మిన పుస్తకాలవి. ఒకరు కొంటే ఊరంతా చదివారు. మన దేశంలో ఐఎస్‌బీఎన్‌కు ప్రభుత్వం డబ్బు తీసుకోదు, అయినా చందాలు పోగుచేసి చిన్న ప్రెస్సులో అచ్చువేయించుకున్నవాళ్లలో దాని జోలికి వెళ్లింది ఎందరు? చాలావాటి మీద సంవత్సరం కూడా ఉండదు. ‘కుల నిర్మూలన’ ప్రసంగాన్ని 1936లో బాబాసాహెబే సొంతంగా అచ్చువేయించుకున్నారని మీకు తెలుసు. ఆ 1500 కాపీలు రెండు నెలల్లో అయిపోయాయని రెండో ముద్రణ ముందుమాటలో ఆయనే రాశారు. మన చదువు మొదటినుంచీ ఇలా చేతి నుంచి చేతికే నడిచింది. అలా చదివినవాళ్లకు రంగు, సైజు, ఇచ్చిన మనిషి, చదివిన చోటు గుర్తుంటాయి. పేరు గుర్తుండకపోవచ్చు.

హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలు అమ్మే ఒక పెద్దాయనకు ఇదే పుస్తకం గురించి చెప్పాను. ఆయన వెంటనే లేదనలేదు. “ఎన్నడు చూసినవ్ బిడ్డా?” అన్నాడు. తర్వాత, “కాయితం తెల్లగుండెనా, పచ్చగుండెనా? పిన్ను కొట్టిన్రా, కుట్టిన్రా? దాంతోపాటు ఇంకేం పుస్తకాలుండె?” చివరి ప్రశ్నకు జవాబు వెతుక్కుంటుంటే నాకే ఒక సంగతి గుర్తొచ్చింది. దానితోపాటు ఒక పౌరహక్కుల నివేదిక ఉండేది. రెండూ ఒకే రకం అక్షరాలు, ఒకే రకం న్యూస్‌ప్రింట్. బహుశా ఒకే ప్రెస్సు. ఆయన దగ్గరా పుస్తకం దొరకలేదు కానీ, నాలుగు ప్రశ్నల్లో నా వెతుకులాటకు ఒక దారి దొరికింది. లైబ్రరీ సైన్సులో దీన్ని రిఫరెన్స్ ఇంటర్వ్యూ అంటారు. పాఠకుడి సమయం వృథా కానివ్వకూడదని రంగనాథన్ 1931లోనే గ్రంథాలయ సూత్రంగా పెట్టారు. కంప్యూటర్లు వచ్చాక అది సులువు కావాలి కదా?

ఇది కస్టమర్ కేర్ దగ్గరే ఆగితే నేను ఇక్కడిదాకా వచ్చి మాట్లాడను. వివరాలు లేని పుస్తకాన్ని థీసిస్‌లో సైట్ చేయలేను. సైట్ చేయకపోతే ఆ అధ్యాయం చిక్కిపోతుంది. రేపు ఇంకొకరు నా థీసిస్ చూసి, ఆ కాలంలో కూలి తల్లుల గొంతుతో పుస్తకాలేవీ రాలేదని ఒక వాక్యం రాస్తారు. ఆ వాక్యానికి సైటేషన్ ఉంటుంది, అది నాదే అవుతుంది. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో ‘నల్లపొద్దు’ వచ్చింది. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసినవాటిని ఒకచోటికి చేర్చిన పుస్తకమది. అది లేకపోయి ఉంటే ఎనభై ఏళ్ల రాతల్ని ఎంత తేలిగ్గా లేవనేసేవారో ఆలోచించండి.

అందుకని మీతో ఒక పని పడింది. బయట టీ బల్ల మీద ఒక నోట్‌బుక్ పెట్టాను. మీకు సగం గుర్తున్న పుస్తకాలు అందులో రాయండి. ఎక్కడ చూశారు, ఎవరిచ్చారు, ఏ రంగు, ఎంత సైజు, పక్కన ఏ పుస్తకాలున్నాయి. పేరు గడి చివర్లో పెట్టాను, తెలియకపోతే ఖాళీగా వదిలేయండి. ఇంట్లో అమ్మ పెట్టెలో, నాన్న సంఘం బీరువాలో ఇలాంటివి ఉంటే మొదటి పేజీ, చివరి పేజీ ఫోన్‌లో ఫొటో తీసి పంపండి. చివరి పేజీ మర్చిపోకండి, ప్రెస్సు పేరు ఎక్కువగా అక్కడే ఉంటుంది.