పాత నాణేల్లో మొదటి ఉద్యోగం: ఎక్కడ వెతకాలి, దేనికి వద్దనాలి

ఈ ఎపిసోడ్‌ని ఒక తమ్ముడి ప్రశ్నతో మొదలుపెడతాను. "అక్కా, హిస్టరీతో డిగ్రీ అయిపోయింది. పాత నాణేలంటే నాకు పిచ్చి. ఇందులో ఉద్యోగం దొరుకుతుందా?"

దొరుకుతుంది తమ్ముడూ. కాకపోతే పోస్టులు తక్కువ, మొదటి జీతం చిన్నది, చాలాసార్లు ప్రకటన కూడా రాదు. జాబ్ యాప్‌లో 'నాణేలు' అని కొడితే నాకు క్యాషియర్ పోస్టులు చూపించింది. మా నాన్న అయితే, "చిల్లర చూసుకుంటూ కూర్చుంటే ఎవరమ్మా జీతం ఇచ్చేది?" అనేవారు.

ముందు అసలు పని ఏంటో చెప్తాను. సినిమాల్లోలాగా లంకెబిందెలు తవ్వడం కాదు. ఒక బల్ల, మంచి లైటు, గ్రాములో వందో వంతు దాకా చూపించే చిన్న కాటా, వెర్నియర్, కెమెరా. ఒక్కో నాణెం తీసి తూకం వేస్తాం. అడ్డం కొలత తీసుకుంటాం. బొమ్మ వైపు ఒక ఫోటో, బొరుసు వైపు ఒక ఫోటో. ఏ లోహమో రాస్తాం, అక్షరాలు చదువుతాం, అచ్చయిన కేటలాగుల్లో అలాంటిది ఉందేమో వెతుకుతాం. చివరికి అన్నిటికంటే ముఖ్యమైన గడి ఒకటి నింపుతాం: ఇది ఎక్కడ దొరికింది?

ఆ ఒక్క గడి ఎందుకంత ముఖ్యమో మా జిల్లా ఉదాహరణతోనే చెప్తాను. జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉంది. అక్కడ దొరికిన నాణేల మీద చిముక అనే శాతవాహన రాజు పేరు ఉంది. పురాణాల్లో ఆ వంశానికి మొదటివాడిగా కనిపించే సిముకుడు ఈయనే అంటారు. అంతకుముందు పాలించిన గోబద, సమగోప లాంటి రాజుల పేర్లు కూడా ఆ నాణేల వల్లే బయటపడ్డాయి. శాతవాహనుల తొలి రోజుల గురించి మాట్లాడేటప్పుడు తెలంగాణ పేరు గట్టిగా వినిపించడానికి కారణం ఇదే. అవే నాణేలు ఊరు పేరు లేకుండా ఏ బజార్లోనో తేలి ఉంటే? ఎవరి అల్మారాలోనో నాలుగు లోహపు ముక్కలుగా మిగిలిపోయేవి.

ఇప్పుడు నా కథ. ఎం.ఏ. అయ్యాక ఆరు నెలలు ఖాళీగా ఉన్నాను. అప్పుడు ఒక వ్యాపారి పిలిచాడు. నాణేల ఫోటోలు తీసి వివరాలు రాయాలి, నెలకు 25 వేలు. నాన్న చుట్టాలందరికీ ఫోన్ చేసి చెప్పేశారు. మూడో వారంలో ఒక పొట్లం వచ్చింది. సీసం నాణేలు, ఇంకా మట్టి కూడా వదల్లేదు. "ఎక్కడివి సార్, ఏ ఊరని రాయను?" అని అడిగాను. "ఊరు వద్దు. పాత కలెక్షన్ అని రాసెయ్" అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 25 వేలు మా ఇంటికి చిన్న డబ్బు కాదు. కానీ నేను చదువుకున్నది ఆ గడి నింపడానికి. అబద్ధంతో నింపడానికి కాదు కదా. పొద్దున్నే వెళ్లి మానేస్తున్నానని చెప్పాను. నాన్న రెండు రోజులు మాట్లాడలేదు.

చట్టం కూడా తెలిసి ఉండాలి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో నిధి దొరికితే కలెక్టర్‌కి తెలియజేయాలి. 1972 చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది. వాటి వ్యాపారానికి లైసెన్స్ కావాలి, సొంతంగా దేశం దాటించకూడదు. కాబట్టి మిమ్మల్ని పనిలోకి పిలిచినవాళ్లను రెండు విషయాలు అడగండి: లైసెన్స్ ఉందా, నాణెం ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం ఉందా? నిజాయితీగా చేసే వ్యాపారులు, వేలం సంస్థలు ఉన్నాయి. వాళ్లు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు.

మరి ఎక్కడ వెతకాలి? మ్యూజియంలలో, పురావస్తు శాఖల్లో కాంట్రాక్టు మీద డాక్యుమెంటేషన్ పనులు ఉంటాయి. నాకు దొరికింది అలాంటిదే, 12 వేలకు. యూనివర్సిటీ ప్రాజెక్టులు ఉంటాయి. ముంబై, బెంగళూరు లాంటి చోట్ల వేలం సంస్థలకు కేటలాగ్ రాసేవాళ్లు కావాలి. నాసిక్ దగ్గర ఆంజనేరిలో నాణేల మీదే పనిచేసే పరిశోధన సంస్థ ఉంది. ఇంకా చదవాలంటే ఉస్మానియాలో ప్రాచీన భారత చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాస్త్రంలో ఎం.ఏ. ఉంది. ఆ తర్వాత గ్రేటర్ నోయిడాలో కేంద్ర పురావస్తు శాఖ నడిపే సంస్థలో రెండేళ్ల పీజీ డిప్లొమా ఉంది.

వెళ్లేటప్పుడు సర్టిఫికెట్లతో పాటు ఒక ఫైల్ పట్టుకెళ్లండి. యాభై నాణేలు, మీరే రాసిన వివరాలు. దీనికి ప్రాచీన నాణేలు కొనక్కర్లేదు. అమ్మమ్మ డబ్బాలో చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం నాణెం ఉందేమో చూడండి. మధ్య గుమ్మంలో ఉర్దూ అక్షరం 'మీమ్' ఉంటే మహబూబ్ అలీ ఖాన్‌ది, 'ఐన్' ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్‌ది. చూశారా, ఒక్క అక్షరంతో రాజెవరో తెలిసిపోయింది! మిగతావాటికి మ్యూజియంలు ఆన్‌లైన్లో పెట్టిన ఫోటోలు వాడుకోండి. ఎక్కడ తీసుకున్నారో మాత్రం తప్పకుండా రాయండి.

ఒక్క జాగ్రత్త. దయచేసి చింతపండుతో తోమకండి. ఇంటర్‌లో నేను మా తాత ఇచ్చిన రాగి నాణేన్ని అలాగే తళతళలాడించాను. దాంతో వందేళ్ల పైపొరతో పాటు అంచున ఉన్న అక్షరాలు కూడా పోయాయి. ఆ నాణెం ఇప్పటికీ నా బల్ల మీదే ఉంటుంది, గుర్తుండటానికి.

నేను మ్యూజియంలో చేరిన రెండో ఏడు నాన్న వచ్చి చూశారు. కోటిలింగాల అని రాసి ఉన్న చీటీ దగ్గర చాలాసేపు నిలబడ్డారు. "మన ఊరి పక్కదేనమ్మా ఇది" అన్నారు. జీతం గురించి మళ్లీ అడగలేదు.

వచ్చే ఎపిసోడ్‌లో బ్రాహ్మీ అక్షరాలు మొదలుపెడదాం. ఈలోపు ఇంట్లో ఒక్క పాత నాణెం వెతికి, తూకం, కొలత, ఎక్కడి నుంచి వచ్చింది, ఈ మూడూ రాసి ఉంచండి. మీ ఫైల్లో మొదటి పేజీ అదే. ఉంటాను మరి, నమస్తే.