ఎక్స్‌రే బాగుంది, మనిషి బాగోలేడు

 

కిడ్నీ జబ్బుల ఉద్దానంలో, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అంటే ఏమిటో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచేనాటికే కవిటి, వజ్రపుకొత్తూరు జనానికి ఆ అంకె నోటికొచ్చేసింది. ఇవాళ పట్టాలు అందుకున్న నర్సింగ్ విద్యార్థులైన మీకు ఇంకో అంకె అప్పజెబుదామని వచ్చాను. ఇది మూలుగ మార్పిడి చేయించుకున్నవాళ్ల ఊపిరిది.

బ్లడ్ క్యాన్సర్‌కు చేసే మూలుగ మార్పిడి మన దేశంలో 1983లో ముంబయి టాటా మెమోరియల్‌లో మొదలైంది. మార్పిడి జరిగిన తొలి వారాల్లో వచ్చే న్యుమోనియాలు, ఊపిరితిత్తుల్లో రక్తస్రావం ఆసుపత్రి డాక్టర్ల కళ్లెదుటే జరుగుతాయి. నా భయం ఇంటికొచ్చాక వచ్చే జబ్బు గురించి. దాత నుంచి వచ్చిన రక్షణ కణాలు రోగి ఒంటినే పరాయిదనుకుని దాడి చేస్తాయి. చర్మం, నోరు, కళ్లతో ఆగక ఒక్కోసారి ఊపిరితిత్తుల్లోని సన్నని గాలిగొట్టాలను మచ్చకట్టించి మూసేస్తాయి. దీన్ని బ్రాంకియోలైటిస్ ఆబ్లిటెరాన్స్ అంటారు. ఎక్కువగా మూడో నెల దాటాక, రెండేళ్లలోపు బయటపడుతుంది.

ఈ జబ్బుతో మీ ముందు కూర్చున్నవాడికి జ్వరం ఉండదు. "మెట్లెక్కితే ఆయాసం వస్తందమ్మా" అంటాడు. ఎక్స్‌రే శుభ్రంగా ఉంటుంది. ఉబ్బసమనో, జీడి ఫ్యాక్టరీ పొగ పడలేదనో ఇన్‌హేలర్ ఇచ్చి పంపేస్తారు. ఈలోగా నెలలు గడిచిపోతాయి. మూసుకుపోయిన గొట్టాలు మళ్లీ తెరుచుకోవు, మందులతో మిగిలినవాటిని కాపాడుకోవడమే.

అందుకే స్పైరోమీటరులో ఊదించండి. మొదటి సెకనులో వదిలిన గాలి ఎంతో చూసి, మార్పిడికి ముందు రాసిన అంకెతో పోల్చండి. అప్పుడు 2.8 లీటర్లు ఊదినవాడు ఇప్పుడు 2.1 ఊదితే, పావు వంతు ఊపిరి పోయినట్టే. ఎక్స్‌రే ఎంత బాగున్నా నమ్మకండి.

జ్వరం, దగ్గు ఉంటే అది వేరే దారి: ఆ రోజే డాక్టరుకు చూపించాలి, కళ్లె పరీక్ష చేయించాలి, టీబీని మరిచిపోకూడదు. బూజు పట్టిన గడ్డి, పీచు కుప్పల దగ్గరికి వెళ్లొద్దని మార్పిడి అయిన రోగులకు చెప్పండి. కొబ్బరి పీచు దుమ్ము లేని పెరడు ఉద్దానంలో ఎక్కడుందని వాళ్లడుగుతారు, నిజమే. ఆ కుప్పలు కదిపే పని ఇంట్లో వేరేవాళ్లకు అప్పగించమనండి. చిన్నప్పటి టీకాల బలం కూడా చాలావరకు పోయి ఉంటుంది. ఏది మళ్లీ ఎప్పుడు వేయాలో మార్పిడి చేసిన డాక్టరే చెప్పాలి.

మీరు మందసలో ఉద్యోగంలో చేరినా, టెక్కలిలో చేరినా, అలాంటి రోగి ఫైలు మొదటి పేజీలో మార్పిడి చేసిన ఆసుపత్రి ఫోను నంబరు రాసిపెట్టండి. అంకె పడిపోయిన రోజే ఫోను చేయండి. వాళ్లిచ్చిన మందులు వాళ్లనడక్కుండా ఆపనివ్వకండి.