ఏడుపు ఆగితే అలవాటైనట్టేనా?

 

జూన్‌లో బడులు తెరవగానే మన గూడేల నుంచి మూడో తరగతి పిల్లలు ఆశ్రమ పాఠశాలలకు వస్తారు. ఎనిమిదేళ్ల వయసు. మొదటి వారం గేటు పట్టుకుని ఏడుస్తారు. తర్వాత ఏడుపు ఆగుతుంది. 'అలవాటు పడ్డారులే' అనుకునేవాళ్లం మేము. ఒక దసరా సెలవులకు తల్లి తీసుకెళ్లడానికి వస్తే, ఒక పాప ఆమె మొహం చూడకుండా ట్రంకుపెట్టె సర్దుకుంటూ ఉండిపోయింది. అప్పుడు గానీ మా పొరపాటు మాకు తెలియలేదు.

ఇంగ్లండులో జేమ్స్ రాబర్ట్‌సన్ ఆసుపత్రుల్లో తల్లికి దూరంగా ఉన్న పసిపిల్లలను గమనించి 1952లో ఒక సినిమా తీశారు. బిడ్డ ముందు ఏడ్చి గొడవ చేస్తుంది. తర్వాత దిగులుతో ముడుచుకుపోతుంది. చివరికి తల్లి వచ్చినా పట్టనట్టు ఉంటుంది. ఆయన, జాన్ బౌల్బీ చెప్పిన మూడు దశలివి. ఆ మూడో దశను చూసే అక్కడివాళ్లు కూడా బిడ్డ కుదురుకుందనుకున్నారు. తల్లిదండ్రులను ఎప్పుడైనా చూడనివ్వాలని 1959లో అక్కడి ప్లాట్ నివేదిక సిఫారసు చేసింది.

మన పిల్లలు అంత పసివాళ్లు కారు. అమ్మ మళ్లీ వస్తుందని వాళ్లకు తెలుసు, రోజులు లెక్కపెట్టుకుంటారు. అందుకే వస్తానన్న రోజు రాకపోతే కుంగిపోతారు. పైగా ఇంట్లో కోయ మాట, ఇక్కడ తెలుగు. అమ్మతోపాటు అమ్మ మాటా దూరమవుతుంది.

అమ్మే ఉండాలని కాదు. అమ్మానాన్నలు మిరప కోతలకు వెళ్తే అవ్వ దగ్గర నిబ్బరంగా ఉండే పిల్లలు మన గూడేల్లో ఎందరో. పిలిస్తే పలికే మనిషి, రోజూ అదే మనిషి ఉండాలి. హాస్టల్లో అందరూ చూసుకుంటారు గానీ, 'నా మనిషి' అనుకోవడానికి ఎవరూ ఉండరు. అందుకే ఇప్పుడు కొత్తగా వచ్చిన ప్రతి పాపకూ పెద్ద తరగతి అక్కను ఒకరిని జత చేస్తున్నాం. పక్కన కూర్చుని అన్నం తినడం, పడుకునేముందు కోయలో కబుర్లు చెప్పడం ఆ అక్క పని.

మీలో చాలామంది హాస్టళ్లలో చదివినవాళ్లే. ఈసారి చెల్లినో తమ్ముడినో దింపడానికి వస్తే, కన్నుగప్పి వెళ్లిపోకండి. చెప్పి వెళ్లండి. మళ్లీ వచ్చే రోజు చెప్పి, ఆ రోజే రండి. రాలేకపోతే ఫోన్ చేయండి. ఏడ్చే బిడ్డను మేము ఎలాగూ చూస్తాం. ఏడవని బిడ్డ ఎవరో మాకు చెప్పండి.